కసవెత్తే కణం

ఒక్క మాట దగ్గర నా కలం పదకొండు రోజులు ఆగిపోయింది.

అది 2022 జనవరి. నాన్నగారికి గుండెకు బైపాస్ శస్త్రచికిత్స జరిగి అప్పటికి ఏడు వారాలయింది. తెనాలిలో మా ఇంటి వసారాలో ఆయన పడక కుర్చీలో వాలి ఎండ కాచుకుంటూ ఉండేవారు. నేను పక్కనే చాప పరచుకుని, హృద్రోగాలను గురించి సామాన్య పాఠకుల కోసం రాసిన ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చేస్తూ ఉండేదాన్ని. నేను చదువుకున్నది ఇంగ్లీషు సాహిత్యం. ఇరవై ఏళ్ళుగా అనువదిస్తూ వచ్చినవి నవలలు, జీవితచరిత్రలు. వైద్యశాస్త్రంతో నాకు పరిచయం లేదు. అయినా ఆ పుస్తకాన్ని కోరి తీసుకున్నాను. నాన్నగారి ఛాతీ మీద నిలువునా పడిన గాటును చూసిన తరువాత, ఆ ఎముకల వెనుక ఇన్నేళ్ళుగా ఏమి జరుగుతూ వచ్చిందో తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

నన్ను ఆపిన మాట 'స్కావెంజర్'. 'స్కావెంజర్ రిసెప్టర్' అన్న జంట పదంలో అది వచ్చింది. రిసెప్టర్‌కు 'గ్రాహకం' అన్న మాట ఉండనే ఉంది. జీవకణం పైపొరలో ఉండి, తనకు సరిపడిన పదార్థాన్ని పట్టుకునే ప్రోటీను అది. చిక్కల్లా మొదటి మాటతోనే. దానికి మన వాడుకలో చటుక్కున తట్టే మాట 'పాకీ'.

ఆ మాట రాయడానికి నాకు చేయి రాలేదు. చిన్నతనంలో, 1985 ప్రాంతంలో, వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్ళేవాళ్ళం. పెరటి గోడకు ఒక చిన్న తలుపు. తెల్లవారుజామున ఆ తలుపులోనుంచి ఒక స్త్రీ రేకు డబ్బా, చీపురు పట్టుకుని వచ్చేది. పని ముగించుకుని ఎవరి కంటా పడకుండా వెళ్ళిపోయేది. ఆమె పేరేమిటని ఒకసారి అడిగాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. అందరూ ఆమెను చేసే పనితోనే పిలిచేవారు. మనిషి చేతులతో మలాన్ని ఎత్తించడాన్ని నిషేధిస్తూ మన దేశంలో 1993లో ఒక చట్టం, 2013లో మరింత విస్తృతమైన మరొక చట్టం వచ్చాయి. ఆ తరువాత కూడా మురుగు గుంటలలో దిగిన మనుషులు ఊపిరాడక మరణిస్తూనే ఉన్నారు. అటువంటి చరిత్ర ఉన్న మాటను ఒక ప్రోటీనుకు పేరుగా అంటగట్టడానికి మనసొప్పలేదు. పోనీ, గౌరవంగా ఒక సంస్కృత సమాసం కూర్చి తప్పించుకుందామంటే, పాఠకుడికి విషయమే అందకుండా పోతుంది.

ఇంతకూ ఆ మాట ఏ సందర్భంలో వచ్చిందో చెప్పాలి.

కొలెస్టరాల్ నీటిలో కరగదు. అందుచేత శరీరం దాన్ని కొవ్వు, ప్రోటీనుల పొరలో చుట్టి సూక్ష్మమైన రేణువులుగా రక్తంలోకి పంపుతుంది. ఆ రేణువులలో ముఖ్యమైనది ఎల్‌డీఎల్. కొలెస్టరాల్ అనగానే మనం విషమన్నట్లు భయపడతాం గాని, ప్రతి కణానికీ తన పైపొరను నిర్మించుకోవడానికి అది అవసరం. అమెరికాలోని డల్లాస్ నగరంలో టెక్సాస్ విశ్వవిద్యాలయపు వైద్య కేంద్రంలో పనిచేసిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ 1970 దశకంలో ఒక సంగతి కనుగొన్నారు. కణాల మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకునే ప్రత్యేక గ్రాహకాలున్నాయి. కణానికి కావలసినంత కొలెస్టరాల్ చేరగానే ఆ గ్రాహకాల సంఖ్య తగ్గిపోతుంది. కడుపు నిండినవాడు విస్తరి మీద చేయి అడ్డం పెట్టినట్లు, కణం 'చాలు' అంటుందన్న మాట. ఈ పరిశోధనకు వారిద్దరికీ 1985లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే వారి ఎదుట ఒక చిక్కుముడి ఉండింది. కొన్ని కుటుంబాలలో తల్లినుంచీ తండ్రినుంచీ లోపం సంక్రమించి, ఈ గ్రాహకాలు పనిచేయని పిల్లలు పుడతారు. వారి రక్తంలో ఎల్‌డీఎల్ విపరీతంగా పేరుకుంటుంది. బాల్యంలోనే గుండెపోటు రావచ్చు. గ్రాహకమే లేనప్పుడు కణాలలోకి కొలెస్టరాల్ చేరకూడదు గదా! కాని ఆ పిల్లల ధమనుల గోడలలో కొన్ని కణాలు కొలెస్టరాల్‌తో ఉబ్బిపోయి ఉంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే వాటి లోపలంతా నురుగులాగా కనిపిస్తుంది. అందుకే వాటిని నురుగు కణాలంటారు. తలుపు లేని ఇంట్లోకి సరుకు ఎలా చేరింది?

నురుగు కణాలుగా మారేవి ఎక్కువగా భక్షక కణాలు. వీటి కథ 1882లో ఇటలీలోని మెస్సీనాలో మొదలయింది. రష్యన్ శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికాఫ్ పారదర్శకంగా ఉండే నక్షత్రచేప డింభకాలలో గులాబీ ముళ్ళు గుచ్చాడు. మర్నాడు చూస్తే ఆ ముళ్ళ చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. పరాయి వస్తువును మింగి శరీరాన్ని కాపాడే కణాలున్నాయని ఆయన ఊహించాడు. 'మింగే కణం' అన్న భావానికి తగిన గ్రీకు మాట చెప్పవలసిందిగా వియన్నాలోని పండితులను అడిగితే వారు 'ఫాగోసైట్' అని కూర్చి ఇచ్చారు. నాలాంటి అనువాదకురాలికి ఇది చదవగానే ఎంత ధైర్యం కలిగిందో చెప్పలేను. ఆ కణం కూడా అనువాదంలోనే నామకరణం చేయించుకుంది!

బ్రౌన్, గోల్డ్‌స్టీన్ బృందం చిట్టెలుకల ఉదరకుహరంనుంచి భక్షక కణాలను తీసి, వాటికి ఎల్‌డీఎల్‌ను అందించింది. అవి దాదాపు ముట్టలేదు. అప్పుడు ఆ రేణువులను రసాయనికంగా కొద్దిగా మార్చి, అంటే ఎసిటైల్ సమూహాలను తగిలించి, మళ్ళీ ఇచ్చారు. ఈసారి ఇరవై రెట్లు ఎక్కువ వేగంతో మింగాయి. కణాలలో కొలెస్టరాల్ 38 రెట్లు పెరిగింది. 1979లో ప్రకటించిన ఈ ప్రయోగంలో వారు ఇతర కణాలను కూడా పరీక్షించారు. ఎలుక ఉదరకుహరంలోని భక్షక కణాలు, గినీపిగ్ కాలేయంలోనివి, మనిషి రక్తంనుంచి తీసి పెంచిన మోనోసైట్లు ఆ మారిన రేణువును గుర్తుపట్టాయి. చర్మంలో పీచును తయారుచేసే కణాలు గాని, లింఫోసైట్లు గాని దాన్ని పట్టించుకోలేదు. అంటే మంచి ఎల్‌డీఎల్‌ను తీసుకునే తలుపు ఒకటి, చెడిన దాన్ని తీసుకునే తలుపు మరొకటి. ఆ రెండో తలుపు పేరే స్కావెంజర్ గ్రాహకం. 1990లో తత్సుహికో కొడామా, మాంటీ క్రీగర్ బృందం ఆవు ఊపిరితిత్తులనుంచి దాని జన్యువును వెలికితీసింది.

శరీరంలో ఎసిటైల్ తగిలించేవారెవరూ లేరు. మరి అక్కడ ఎల్‌డీఎల్ ఎలా మారుతుంది? కాలిఫోర్నియాలో డేనియల్ స్టైన్‌బర్గ్, ఆయన సహచరులు 1980 దశకంలో దీనికి జవాబు వెతికారు. ఎల్‌డీఎల్ రక్తనాళపు గోడలోకి జొరబడి అక్కడ చిక్కుకుంటే ఆక్సీకరణం చెందుతుంది. చాలాకాలం నిలవ ఉన్న నూనె పాడయి వాసన వేయడంలాంటిదే ఇది. అలా చెడిన రేణువును భక్షక కణం పరాయిదిగా గుర్తించి మింగుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఈ రెండో తలుపుకు 'చాలు' అనడం తెలియదు. లోపల ఎంత కొలెస్టరాల్ పేరుకున్నా అది మూసుకోదు. పోనీ, ఆ తలుపును మనమే మూసివేస్తే? చిట్టెలుకలలో ముఖ్యమైన రెండు గ్రాహకాలను తొలగించి చూశారు. 2005లో ప్రకటించిన ఫలితాలలో కూడా నురుగు కణాలు ఏర్పడుతూనే కనిపించాయి. దారులు ఒకటి రెండు కావు. ఆక్సీకరణాన్ని ఆపుతుందని ఆశించిన ఇ విటమిన్ మాత్రలు కూడా పెద్ద పరీక్షలలో గుండెపోటును నివారించలేకపోయాయి.

ఈ సంగతులన్నీ నేను సాయంత్రం పూట నాన్నగారికి చదివి వినిపించేదాన్ని. ఆయన ముప్పై నాలుగేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసినవారు. తప్పు మాట వినబడితే చేయి ఎత్తి ఆపుతారు. ఒకనాడు అన్నారు:

"ఇదంతా బాగానే ఉందమ్మా. కాని ఆ కణాలు ఒళ్ళంతా ఉన్నాయంటున్నావు. గుండెలోనే ఎందుకు కొంప ముంచాయి?"

నేను పుస్తకంలో ముందుకు వెళ్ళి చదువుకున్నాను. జవాబు చాలా మటుకు కాలేయంలో దొరికింది.

మారిన ఎల్‌డీఎల్‌ను జంతువు రక్తంలోకి ఎక్కిస్తే అది కొన్ని నిమిషాలలోనే మాయమవుతుంది. దాన్ని పట్టుకునేది ప్రధానంగా కాలేయం. అక్కడ కుఫర్ కణాలనే భక్షక కణాలు రక్తం పారే సందుగొందులలో కాపలా కూర్చుని ఉంటాయి. వాటి పొరుగునే ఆ సందులకు లోపలి పూతగా మరొక రకం కణాలున్నాయి. ఎసిటైల్ తగిలించిన రేణువులను ఆ పూత కణాలే ఎక్కువగా తీసుకుంటాయని, ఆక్సీకరణం చెందిన వాటిని కుఫర్ కణాలు ఎక్కువగా తీసుకుంటాయని నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ఎలుకలలో జరిపి 1991లో ప్రకటించిన ప్రయోగాలు తెలిపాయి. ఒకే అవయవంలో కూడా ఎవరి పని వారిదే. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, కాలేయానికి కాలువ ఉంది. భక్షక కణాలు వదిలిన కొలెస్టరాల్‌ను కాలేయ కణాలు అందుకుని పైత్యరసంలో కలిపి ప్రేగులలోకి పంపించివేయగలవు. మోయలేనంత భారం పడితే కుఫర్ కణాలు కూడా ఉబ్బి వాపు పుట్టిస్తాయని చిట్టెలుకలలో తేలింది. కాని మామూలు రోజులలో అక్కడ ఎత్తినది ఎత్తినట్లు దిగువకు సాగిపోతుంది.

ఊపిరితిత్తులలో గాలి గదులు అంటుకుపోకుండా కొవ్వుతో కూడిన ఒక ద్రవం పూతలా ఉంటుంది. వాడిపోయిన ఆ పూతను తీసివేయడం అక్కడి భక్షక కణాల పని. వాటిని పరిపక్వం చేసే సంకేతం లోపిస్తే అవి పని చేయలేక నురుగుతో నిండిపోతాయి. గాలి గదులు పూడుకుపోతాయి. మెదడు సంగతి మరొకటి. రక్తంలోని ఎల్‌డీఎల్ అక్కడికి చేరదు. మెదడు తన కొలెస్టరాల్‌ను తానే తయారుచేసుకుంటుంది. అక్కడి భక్షక కణాలు మింగేది శిథిలమైన నాడుల తొడుగులలోని కొవ్వును. కణం వంశం ఒకటే అయినా, అది ఉన్న చోటును బట్టి దాని సరుకు, దాని పని, దాని గతి మారిపోతున్నాయి.

ఇక ధమని గోడ. అక్కడ కాలువ లేదు. మింగిన కొలెస్టరాల్‌ను బయటికి తోసే ఒక ఇరుకు దారి మాత్రం ఉంది. కణం దాన్ని కొద్దికొద్దిగా హెచ్‌డీఎల్ అనే మరొక రేణువుకు అందిస్తే, అది మోసుకుని కాలేయానికి చేరుస్తుంది. ఆ దారి విలువ ఎంతో అమెరికాలోని ఒక చిన్న దీవి చెప్పింది. వర్జీనియా తీరాన ఉన్న టాంజియర్ దీవికి చెందిన తోబుట్టువుల గొంతులో గవదలు వింతగా నారింజ రంగులో ఉన్నాయని, వారి రక్తంలో హెచ్‌డీఎల్ దాదాపు లేదని 1961లో వైద్యులు ప్రకటించారు. ఆ రంగు నురుగు కణాలది. కణంనుంచి కొలెస్టరాల్‌ను బయటికి పంపే ప్రోటీను వారిలో పనిచేయడం లేదని 1999లో తేలింది. మింగే నోరు బాగానే ఉంది. పారబోసే చేయి పడిపోయింది.

ధమని గోడలో వచ్చే సరుకు వెళ్ళే సరుకును మించిపోతే, భక్షక కణం తాను మింగిన దానితోనే మరణిస్తుంది. దాని కడుపులోని కొవ్వు అక్కడే ఒలికిపోతుంది. దాన్ని ఎత్తడానికి మరొక కణం వస్తుంది, అదీ మరణిస్తుంది. ఇలా ఏళ్ళ తరబడి జరిగి గోడలో ఒక గడ్డ తయారవుతుంది. ఏదో ఒకనాడు దాని పైపొర చిట్లుతుంది. చిట్లిన చోట రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. దాన్నే మనం గుండెపోటు అంటాం.

ఇది చదివి వినిపించినప్పుడు నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కళ్ళజోడు తీసి, కనురెప్పల మీద చేతి వేళ్ళు ఆనించి, "అయితే ఇవి కూడా అవేనా?" అన్నారు.

ఆ ప్రశ్న నా గుండెను పిండేసింది. నాన్నగారి కనురెప్పల మీద, ముక్కు పక్కగా, లేత పసుపు రంగు మచ్చలు రెండు ఉండేవి. శనగపిండి అద్దినట్లున్నాయని అమ్మ నవ్వేది. ఒక బంధువు అవి అదృష్టరేఖలన్నాడు. పాతికేళ్ళ ఫోటోలు తిరగవేసి చూశాను. పాతికేళ్ళుగా ఉన్నాయి. అవి కూడా చర్మంలో పేరుకున్న నురుగు కణాలే. అటువంటి మచ్చలున్న ప్రతివారికీ కొలెస్టరాల్ ఎక్కువగా ఉండాలని లేదు. కాని కనిపిస్తే రక్తం పరీక్ష చేయించుకోవాలి. మేము చేయించలేదు. పేజీ మీద అచ్చుతప్పును దూరంనుంచి పట్టుకోగలనని గర్వించే నేను, మా నాన్నగారి ముఖం మీద రాసి ఉన్నదాన్ని చదవలేకపోయాను.

ఆ రాత్రే మరొక సంగతి బయటపడింది. మందుల డబ్బా సర్దుతుంటే, రాత్రిపూట వేసుకోవలసిన కొలెస్టరాల్ మాత్రల అట్ట మూడు వారాలుగా విప్పకుండా ఉంది. అడిగితే ఆయన చిన్నపిల్లవాడిలా తల తిప్పుకున్నారు.

"ఆపరేషన్ అయిపోయింది గదమ్మా. లోపలంతా బాగుచేశారు. ఇంకా ఎందుకు ఈ మందులు?"

ఆయనను తప్పు పట్టలేను. శస్త్రచికిత్సతో పూడిక తీసివేశారని నేనూ అనుకున్నాను. నిజానికి బైపాస్‌లో పాత నాళాన్ని శుభ్రం చేయరు. కాలినుంచో ఛాతీనుంచో మరొక నాళాన్ని తెచ్చి, పూడిన చోటును తప్పించి పక్కనుంచి దారి వేస్తారు. పాత గడ్డలు ఎక్కడివక్కడే ఉంటాయి. కొత్త దారి కూడా పూడవచ్చు. ఆ మాత్రల వంశానికి మూలపురుషుడు అకీరా ఎండో అనే జపాను శాస్త్రవేత్త 1970 దశకంలో ఒక బూజునుంచి తీసిన పదార్థం. అవి కాలేయం కొలెస్టరాల్‌ను తయారుచేయడాన్ని తగ్గిస్తాయి. దానితో కాలేయం తన కొరత తీర్చుకోవడానికి మొదటి రకం గ్రాహకాలను పెంచుకుని, రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాగివేసుకుంటుంది. చెడడానికి రేణువులే తక్కువైతే, ఎత్తవలసిన చెత్త కూడా తగ్గుతుంది.

ఇంతా చెప్పినా ఆయన "చూద్దాంలే" అన్నారు. నేను నిద్రపోలేదు. నా పని మాటలను ఒక ఒడ్డునుంచి మరొక ఒడ్డుకు చేర్చడం. పుస్తకంలోని నాలుగు వందల పేజీలు చేర్చగలనేమో గాని, చాప మీదనుంచి పడక కుర్చీదాకా ఒక్క ముక్క చేర్చలేకపోతున్నాను.

మర్నాడు తెల్లవారుజామున వసారాలోకి వచ్చేసరికి నాన్నగారు అప్పటికే లేచి కూర్చుని ఉన్నారు. వాకిట్లో అమ్మ ఊడుస్తూ ఉంది. చీపురు చప్పుడు తప్ప మరే చప్పుడూ లేదు.

"ఆ మాట దొరికిందా?" అన్నారాయన.

"లేదు నాన్నగారూ."

"మీ అమ్మ ఏం చేస్తున్నది?"

"కసవు ఊడుస్తున్నది."

"మరి కసవెత్తే గ్రాహకం అని రాయరాదూ? కసవు ఊడవని ఇల్లు ఏ కులంలో ఉంది చెప్పు?"

నేను నిర్ఘాంతపోయాను. పదకొండు రోజులు నిఘంటువులలో వెతికిన మాట రోజూ తెల్లవారి మా వాకిట్లోనే వినిపిస్తోంది. ఇంగ్లీషులో ఆ మాట పుట్టుక నాకు అప్పుడే గుర్తుకు వచ్చింది. పూర్వం లండన్‌లో పరాయి వర్తకుల సరుకును తనిఖీ చేసి సుంకం వసూలు చేసే అధికారులను ఆ పేరుతో పిలిచేవారు. తరువాత వీధుల శుభ్రత చూసే బాధ్యత కూడా వారికే అప్పగించారు. క్రమంగా తనిఖీ పోయి చెత్త మిగిలింది. ఏది తనదో, ఏది పరాయిదో తనిఖీ చేసి ఎత్తే గ్రాహకానికి ఆ పాత అర్థం కూడా సరిపోతుంది. కాని నాకిక దానితో పని లేకపోయింది.

అమ్మ ఊడ్చిన కసవును చేటలోకి ఎత్తి, వీధి చివర కుండీలో పారబోయడానికి వెళ్ళింది. నాన్నగారు ఆమె వెళ్ళినవైపే చూస్తూ అన్నారు: "కసవెత్తడంలో తప్పేమీ లేదమ్మా. ఎత్తినది పోయడానికి చోటు చూపించకుండా ఎత్తమనడమే పాపం. అమ్మమ్మగారి ఊళ్ళో మనం చేసిందీ అదే. నా లోపల జరిగిందీ అదే."

నేను ఏమీ అనలేకపోయాను. పెరటి తలుపులోనుంచి వచ్చిన ఆ స్త్రీ, పేరు తెలియని ఆ స్త్రీ, చాలాకాలానికి నా కళ్ళ ముందు నిలిచింది. ఆ ఇంట్లో ఎవరూ తన పేరు అడగలేదన్నది ఆమెకు తెలిసే ఉంటుంది.

ఆ రాత్రి నాన్నగారు తనంతట తానే మాత్ర అడిగి వేసుకున్నారు. "పాపం, వాటి భారం కాస్త తగ్గిద్దాం" అన్నారు. 'వాటి' అంటే ఎవరో నాకు అర్థమయింది. ఆయన తన గుండెను గురించి గాక, దాని గోడలలో చిక్కుకున్న కణాలను గురించి మాట్లాడుతున్నారు.

వారం తరువాత నేనూ రక్తం పరీక్ష చేయించుకున్నాను. ఎల్‌డీఎల్ ఉండవలసినదానికంటె చాలా ఎక్కువగా ఉంది. నా కనురెప్పల మీద ఇంకా ఏ మచ్చా లేదు. వైద్యుడు నాకు కూడా మాత్ర రాసి ఇచ్చాడు. ఇప్పుడు ప్రతి రాత్రీ భోజనాలయిన తరువాత నాన్నగారూ నేనూ చెరొక గ్లాసు నీళ్ళతో ఎదురెదురుగా కూర్చుంటాం. ఎవరు మరిచిపోతే రెండోవారు గుర్తుచేయాలని మా ఒప్పందం.

పుస్తకం అచ్చయింది. నూట పన్నెండవ పేజీలో 'కసవెత్తే గ్రాహకం' అని ఉంది.